వార్త కాని సంగతి

ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. స్వచ్ఛంద సంస్థలు పల్లెల్లో రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకునేసరికి 2006 వచ్చింది. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గరి మాచునూరులో దళిత మహిళల ‘సంఘం రేడియో’ గొంతు విప్పింది. ఆ తర్వాత తెలుగునాట మరికొన్ని వచ్చాయి. అన్నిటికీ ఢిల్లీ పెట్టిన షరతు ఒకటే: పాటలు పాడుకోండి, పంటల గురించి మాట్లాడుకోండి, సొంతంగా వార్తలు మాత్రం చెప్పకండి.

అలాంటి రేడియో ఒకదాని కథ ఇది. పేరు అడక్కండి.

అక్కడ శనివారం రాత్రి కార్యక్రమమంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ చెవులు రిక్కిస్తాయి. ముందు ఊరి ముచ్చట్లు. మధ్యలో ఒగ్గుకథో, కోలాటం పాటో. చివర సాయం: ఎవరింట్లో విత్తనాలు లేవు, ఎవరిని ఆస్పత్రికి తోలుకుపోవాలి. నడిపేది ఒక నడివయసు కూలి మనిషి. అందరికీ రేడియక్క.

ఆ ఎండాకాలం దళితవాడలో బోరింగు మూలపడింది. అక్క మూడు భాగాల్లోనూ దాన్నే పట్టుకుంది. ముచ్చట్లలో బోరింగు నడవడం లేదని చెప్పింది. పాటలో కొత్తకోడలు ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. సాయం భాగంలో, ట్రాక్టరున్న రైతులు వాడకు రెండు డ్రమ్ముల నీళ్లు దింపి పొమ్మని బతిమాలింది. వారాలు గడిచాయి. రైతులు కరిగారు గానీ ఆఫీసు కదల్లేదు.

చివరికి మండలాఫీసు సారు జీపు దిగాడు. బోరింగు దగ్గర కాదు, రేడియో దగ్గర.

“ఏందమ్మా, బోరింగు నడుస్తలేదని రేడియోల చెప్తున్నవట? అది వార్త. ఢిల్లీకి రాసిన్ననుకో, మీ లైసెన్సు పోతది.”

“బాగు చేయిండ్రి సారు, చెప్పుడు బందు పెడతం.”

“ఎప్పుడో చేసినం. ఇగో రిజిస్టరు. పని పూర్తి, బిల్లు గూడ అయింది.”

అక్క పక్కనున్న పిల్లతో చదివించుకుంది. తారీఖుంది, పైసల లెక్కుంది, సంతకముంది.

“అయితే బోరింగు నడుస్తున్నట్టేనా సారు?”

“రిజిస్టర్ల ఉన్నదంటే నడుస్తున్నట్టే.”

“గట్లయితే మేం చెప్పింది వార్తెట్లయితది? నడిచే బోరింగును నడుస్తలేదంటే అది ఉత్త కథ. కథలు చెప్పొద్దని మీ రూల్ల లేదాయె. వచ్చే శనివారం ఇంకింత పెద్దగ చెప్తం. మీ రిజిస్టరు గూడ సదివి ఇనిపిస్తం. అదీ మంచి కథనే గద!”

సారు ముఖం కందగడ్డయింది. నడవదంటే రిజిస్టరు అబద్ధం. నడుస్తుందంటే రేడియో తప్పు చేయలేదు. మాట్లాడకుండా జీపెక్కాడు.

బుధవారం మెకానిక్కులు కొత్త పైపులు వేసుకొచ్చారు. గురువారానికి బోరింగు నీళ్లు పోసింది.

శనివారం రాత్రి వాడంతా రేడియో చుట్టూ చేరింది. ముచ్చట్లయ్యాయి, పాటలయ్యాయి, సాయమూ అయింది. అక్క బోరింగు ఊసే ఎత్తలేదు.

“గదేందక్కా, గెలిచినంక చెప్పవైతివి?” అని పిల్ల నిలదీసింది.

“ఎట్ల చెప్పుదు బిడ్డా? ఇప్పుడు నిజంగనే నీళ్లొస్తున్నయి. చెప్తే వార్తయితది, లైసెన్సు పోతది!”