పనేమిటో రాసిచ్చి రోడ్డెక్కండి

మన ఇళ్లలో గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్లే పని కాస్తా చెడుతుందని పెద్దల నమ్మకం. మరీ ఉండబట్టకపోతే ‘దూరమా?’ అని ఆరా తీసి ఊరుకుంటారు. జాతీయ రహదారుల సంస్థ తరఫున ఇండోర్ హైకోర్టు బెంచి ముందు నిలబడ్డ వకీలుగారికి ఈ పట్టింపు ఉన్నట్టు లేదు. 2025 జూన్‌లో ఇండోర్-దేవాస్ రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్ల పొడవున, ముప్పై గంటలకు పైగా, వేల బండ్లు కదలకుండా నిలిచిపోయిన సంగతి విచారణకు వస్తే, అసలు జనం పనీపాటా లేకుండా అంత పెందలాడే ఇల్లు వదిలి ఎందుకొస్తారని కోర్టునే ఎదురడిగారు. తర్వాత సంస్థ నాలుక కరుచుకుని, ఆ మాటతో తనకు సంబంధం లేదంది. అన్నవారికి షోకాజ్ నోటీసు కూడా ఇచ్చింది. తొందరపడింది. రోడ్ల గురించి ఇన్నేళ్లలో ఇంత మౌలికమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. నోటీసుతో నోరు మూయించే బదులు దాన్నో పథకంగా మలచాల్సింది.

పథకమేమంత కష్టం కాదు. హైవే ఎక్కదలచిన పౌరులు వారం ముందే ‘ప్రయాణావసర ధ్రువపత్రం’ కోసం మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టుకుంటారు. అందులో మూడు గడులు: అత్యవసరం, అవసరం, ఊరికే. మొదటి గడిలో టిక్కు పెడితే డాక్టరు చీటీ జతపరచాలి, రెండోదానికి గెజిటెడ్ అధికారి సంతకం. మూడో గడిలో టిక్కు పెట్టిన నిజాయతీపరుడి కాగితం కౌంటర్ దగ్గరే చింపేస్తారు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దాటాలనుకునే కొత్త అల్లుళ్లు శుభలేఖ నకలు, మామగారు సొంత దస్తూరీతో రాసిన పిలుపు చూపించాలి. పాత అల్లుళ్లు తమకు అక్కడేదో పనుందని నమ్మించడం కాస్త కష్టమే. పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు సంబంధం కుదరకపోతే ప్రయాణం దండగయినట్టే గనక తిరుగు దారిలో అపరాధ రుసుము కడతారు. తిరుమల వెళ్లేవాళ్లది పనా పుణ్యమా అన్నది తేల్చడానికి త్రిసభ్య సంఘం వేస్తారు. చావు కబురు అంది బయలుదేరేవాళ్లు మరణ ధ్రువపత్రం తేవాలి. అది చేతికొచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోతుంది కాబట్టి, ఆ మేరకు రోడ్డు మీద రద్దీ దానంతటదే తగ్గుతుంది. ఇవన్నీ దాటుకొచ్చిన బండి అద్దానికి ఫాస్టాగ్ పక్కన పనిట్యాగ్ అంటిస్తారు. గేటు దగ్గర యంత్రం రెండూ చదివి, యజమానికి పనున్నట్టు నమ్మకం కుదిరితేనే కర్ర పైకి లేపుతుంది.

పథకంలో ఒకే ఒక్క చిక్కు, ఆ ‘పెందలాడే’ అన్న మాట. ఈ దేశంలో మనిషిని పెందలాడే బయలుదేరమని తరిమేది సర్కారే. పండగ రద్దీ మొదలైతే చాలు, ముందుగా బయలుదేరమని పోలీసుల ప్రకటన వస్తుంది. విమానాశ్రయం రెండు మూడు గంటల ముందు రమ్మంటుంది. ఎంట్రన్సు పరీక్షకు నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసే నిబంధన తెలుగు పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ గేటు అవతల నిలబడి ఏడ్చిన పిల్లల ఫొటోలు ఏటా పేపర్లలో చూస్తూనే ఉన్నాం. రోడ్డు ఎప్పుడు వదులుతుందో తెలియదు కాబట్టే జనం చీకటితోనే లేచి రోడ్డున పడుతున్నారు. రోడ్డు నమ్మకంగా ఉంటే ఎవరైనా ఇంకో గంట పడుకునే బయలుదేరతారు. పాల వ్యాన్లు, కూరగాయల లారీలు మాత్రం అప్పుడూ తెల్లవారకముందే రోడ్డెక్కుతాయి. వాటికి వేరే వేళ లేదు, వకీళ్ల కాఫీలోకి పాలు ఆ వ్యాన్లలోనే రావాలి.

జనం నిజంగానే ఊరికే తిరుగుతున్నారు కదా, సెలవొస్తే కారు తీయడం అలవాటైంది కదా అనేవాళ్లున్నారు. ఉండొచ్చు. కానీ ఈ రోడ్లు ఎవరిని చూపించి మంజూరు చేయించుకున్నారో కూడా చూడాలి. రోడ్డు వెడల్పు చేయాలంటే ముందు వారం రోజులపాటు రాత్రింబవళ్లు బండ్లు లెక్కపెడతారు. కారుకు ఒక యూనిట్, రెండిరుసుల లారీకి మూడు, ఎద్దుబండికైతే ఇంకా ఎక్కువ. కొన్ని బండ్లను పక్కకు ఆపి ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ పని మీద అని కాగితం మీద రాసుకుంటారు. గుడికి పోయేవాళ్లు, పెళ్లికి పోయేవాళ్లు, అత్తారింటికి పోయేవాళ్లు అందరూ ఆ లెక్కలోకి వస్తారు. ఏటా ఇంత శాతం పెరుగుతారని కూడా వేసుకుంటారు. ఆ అంచనా మీదే అప్పు పుడుతుంది, కాంట్రాక్టు ఖరారవుతుంది, టోల్ రాబడి తేలుతుంది. అంటే వకీలుగారు ఇప్పుడు అడిగిన ప్రశ్నను వాళ్ల మనుషులు రోడ్డు పక్కన నిలబడి ఎప్పుడో అడిగారు, జవాబులు రాసుకున్నారు, వాటిని చూపించి పని మొదలెట్టారు. నివేదికలో రాబడిగా కనిపించిన మనిషే జామ్‌లో చిక్కుకునేసరికి పనిలేనివాడైపోయాడు.

డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం ఈ విచారణ ఉండదు. ఫాస్టాగ్ కీచుమంటుంది, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, అంతే. ట్యాగ్ లేకపోతే ఇంకా ఎక్కువ. ఏటా 50 వేల కోట్లకు పైగా ఇలా వసూలవుతోంది, అందులో పనిలేనివాళ్ల సొమ్మని వెనక్కిచ్చింది ఎవరికీ గుర్తులేదు. టోల్‌గేటు దగ్గర వరుస 100 మీటర్లు దాటితే ఆ గీత లోపలికి వచ్చేదాకా బండ్లను ఊరికే వదిలేయాలని 2021లో సంస్థే రాసుకుంది. మంచి నిబంధనే, అయినా 2024లో ఎత్తేసింది. అది ఉన్నన్నాళ్లూ కూడా జనం టైముకు విలువుందని వాళ్లకు గుర్తొచ్చిన చోటు డబ్బు కట్టే గేటు ఒక్కటే. అదే బండి గేటు దాటి రెండు కిలోమీటర్లు పోయి తవ్విపోసిన మట్టి పక్కన మూడు గంటలు ఆగిపోతే, ఇంజను ఆపుకుని, అయిదు నిమిషాలకోసారి నాలుగడుగులు జరిగి, కిటికీలోంచి ఉప్పూకారం చల్లిన కీరా ముక్కలు కొనుక్కుని తింటూ కూర్చుంటే, దానికి గీతా లేదు, మీటరూ లేదు. పనులు జరుగుతున్నాయి, సహకరించండి అని బోర్డు ఉంటుంది. అంతసేపూ సహకరించినందుకు ఒక్క రూపాయి తగ్గదు.

కట్టేటప్పుడు ఇబ్బంది తప్పదనీ, వంతెన పూర్తయితే ఇవే నోళ్లు మెచ్చుకుంటాయనీ అంటారు. ఇండోర్ దగ్గర జరిగింది ఆ తప్పనిసరి ఇబ్బంది కాదు. అక్కడ కడుతున్న వంతెన పని సాగాలంటే బండ్లు మళ్లడానికి పక్కదారి కావాలి. దాన్ని నాలుగు వారాల్లో పూర్తి చేయాలన్న మాట 2024 సెప్టెంబరులో కోర్టు ముందే జరిగింది. ఆ నాలుగు వారాలు తొమ్మిది నెలలయ్యాయి. ఎందుకని అడిగితే క్రషర్లవాళ్లు పది రోజులు సమ్మె చేశారన్నారు. తొమ్మిది నెలల్లోంచి పది రోజులు తీసేస్తే ఎంత మిగులుతుందో ఒకటో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఆ మిగిలిన రోజుల్లో వేయని దారి మీద, జూన్ వానలో, జనం ఇరుక్కుపోయారు. ముగ్గురు చనిపోయారు. గుండెనొప్పి వచ్చిన ముప్పై రెండేళ్ల మనిషిని ఇండోర్ ఆసుపత్రికి తీసుకుపోతుంటే బండి కదల్లేదని ఇంటివాళ్లు చెబుతున్నారు. ఇంకొకరికి దారిలోనే సిలిండర్లో ఆక్సిజన్ అయిపోయిందట. వీళ్లను మూడు గడుల్లో ఏ గడిలో వేస్తారు? పనిలేక కారెక్కారా వీళ్లు? నోరు జారిన వకీలుకు నోటీసు ఇవ్వడానికి సంస్థకు వారం కూడా పట్టలేదు, పక్కదారి వేయనివాళ్లకు ఇచ్చిన నోటీసు మాత్రం ఇంతవరకు మన కంటపడలేదు. ఆ మాట తప్పేనని ఒప్పుకోవడం తేలిక, దానికి తారు అక్కర్లేదు, కంకర అక్కర్లేదు. పక్కదారి లేకుండా అసలు దారి తవ్వమని సంతకం పెట్టిందెవరు, బిల్లులు పాస్ చేసిందెవరు, తొమ్మిది నెలలూ ఆ రోడ్డు మీద తనిఖీకి పోయి అంతా బాగుందని రాసిందెవరు? ఆ పేర్లు వచ్చే వాయిదాలోగా కోర్టు బల్ల మీద పెట్టండి.