‘అనంతరం గాత్ర కచేరీ’: సటీకా తాత్పర్యము

మూలము

“సాయంత్రం 6 గంటలకు సభ. జ్యోతి ప్రజ్వలన, అతిథుల సందేశాలు, ఆత్మీయ సత్కారాలు. అనంతరం గాత్ర కచేరీ. వందన సమర్పణ. అందరూ ఆహ్వానితులే.”

అవతారిక

ఇది బెజవాడలో ఒక సభ వారు వేసిన ఆహ్వానపత్రిక. మా మిత్రుడి చొక్కా జేబులో, కొంచెం చెమటకు తడిసి, అవనిగడ్డలో దొరికింది. గ్రంథం చిన్నదే. కానీ దీన్ని నమ్మి పొద్దున్నే బస్సెక్కి నగరానికి పోయి, ఆఖరి బస్సుకి తిరిగి రావాలనుకునే దివిసీమ జనం అర్థం తెలియక నష్టపోతున్నారు. అందుకే ఈ వ్యాఖ్య. కొలచాల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. ఆ రెండో మాట ఇవ్వగలవాణ్ణి ఈ రోజుల్లో ఏ వేదిక మీదికీ పిలవరు.

శాస్త్రం మొదలెట్టేముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు చెప్పాలి. ఇక్కడ విషయం సంగీతం. ప్రయోజనం శాలువా. ఆ రెంటికీ సంబంధం మృగ్యం. అధికారి ఎప్పుడొస్తాడో ఆయన పీఏకి కూడా తెలియదు.

టీక

‘సాయంత్రం’, ‘సభ’ తేలిక గనక వదిలేస్తున్నాం. ‘జ్యోతి ప్రజ్వలన’ కూడా స్పష్టమే, ఫ్యాను ఆపితే చాలు. ‘6 గంటలకు’ అన్నచోట మిత్రుడిది వాచ్యార్థ పక్షం. “ఆరింటికే మొదలెడతార్రా, అచ్చేశారుగా!” అని బస్సులో చల్లపల్లి దాకా వాదించాడు. ముఖ్యార్థానికి బాధ కలిగితేనే లక్షణ పుడుతుందని ఆలంకారికులు అంటారు. బాధ ఆరున్నరకి మొదలైంది.

ఇక ‘అనంతరం’. కీలకమంతా ఇక్కడే. బ్రహ్మసూత్రాల్లో మొదటి పదం ‘అథ’. దానికి ‘తర్వాత’ అని అర్థం చెప్పడంలో శంకరులకూ రామానుజులకూ పేచీ లేదు, దేని తర్వాత అన్నదే పేచీ. వేదంలోని కర్మభాగాన్ని విచారించాకనే అని రామానుజులు. అదేం అక్కర్లేదు, వివేకం, వైరాగ్యం, శమదమాదులు, మోక్షం కావాలన్న తపన, ఈ నాలుగూ ఉంటే చాలునని శంకరులు. మన సభల వారిది రామానుజ మతం. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, వీరందరికీ బొకే, శాలువా, మెమెంటో, ఫొటో సరిగా పడలేదని అదే శాలువా ఇంకోసారి, ఈ కర్మకాండ యావత్తూ నడిచాకే నాదబ్రహ్మం. కుర్చీల్లో ఉన్నవాళ్లం మాత్రం విధిలేక శాంకరులం. ఏడింటికి వివేకం, ఏడున్నరకి వైరాగ్యం, ఎనిమిదింటికి శమం, దమం, తితిక్ష. ఆ పైన మిగిలేది మోక్షం కావాలన్న తపన ఒక్కటే.

మరో రామానుజుడి పక్షం కూడా ఉంది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967). వర్ణంతో ఎత్తుకుని, కృతులు, ప్రధాన రాగం, తని ఆవర్తనం, చివర తేలికపాటి పాటలు, ఈనాటి కచేరీ క్రమాన్ని స్థిరపరిచింది ఆయనే అంటారు. అందులో ‘సందేశం’ ఎక్కడ వస్తుందో ఎంత వెతికినా దొరకలేదు.

‘అతిథుల సందేశాలు’. వాక్యానికి తాత్పర్యం తేల్చడానికి పెద్దలు ఆరు గుర్తులు చెప్పారు. ఉపక్రమోపసంహారాలు ఒకటై ఉండాలి: ఉన్నాయి, “రెండే నిమిషాలు” అని మొదలెట్టి “చివరగా రెండే మాటలు” అని ముగించారు, నడుమ ముప్పావుగంట. అభ్యాసం, అంటే చెప్పిందే చెప్పడం: సమృద్ధి. అపూర్వత: వక్త మేనమామ హార్మోనియం కొనుక్కున్న వృత్తాంతం మరే గ్రంథంలోనూ లేదు. అర్థవాదం: కార్యదర్శి గారి స్తుతి. ఫలం, ఉపపత్తి కానరావు.

‘గాత్ర కచేరీ’. ఇక్కడ కొంచెం వంశక్రమం చెప్పాలి. బస్సు మోపిదేవిలో ఆగినప్పుడు కిటికీలోంచి చూపిస్తే కనపడేంత దూరం కాదు గానీ, పెదకళ్లేపల్లి అక్కడికి దగ్గరే. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చుకుని ఆ పాటను మన సీమకు మోసుకొచ్చిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారిది ఆ పెదకళ్లేపల్లి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. వారి శిష్యుడు బాలమురళీకృష్ణ (1930–2016). చల్లపల్లి దాటితే కూచిపూడి, దాని పక్కనే మువ్వ, క్షేత్రయ్య ఊరు. అంటే ఈ ఆర్టీసీ రూటులో టికెట్టు కొట్టిన ప్రతి స్టేజీ ఒక సంప్రదాయం. పామర్రు దాటాక ఉయ్యూరు చక్కెర మిల్లు వాసన వచ్చే దాకా మేం ఇవే మాట్లాడుకున్నాం. పల్లెల్లోంచి పాట బెజవాడ చేరింది, 1948లో అక్కడ రేడియో కేంద్రం వచ్చాక ‘భక్తిరంజని’గా మళ్లీ పల్లెల ఇళ్లల్లోకే వచ్చింది. పైగా వేళకి వచ్చేది. శాలువా రేడియోలో కనపడదు గనక.

ఏం చెబుతున్నాం? ఆఁ, గాత్ర కచేరీ. పై పేర్లలో ఒక్కటైనా వేదిక మీద వినపడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాం. స్పాన్సరు పేరు వినపడింది.

ఆ సమయంలో మృదంగం కుర్రాడు పక్కద్వారం దగ్గర కూర్చుని ఉన్నాడు. మృదంగానికి ఎడమ వైపు తొప్పి. దాని నడుమ తడిపిన రవ్వ ముద్ద అద్దితేనే ఆ గంభీరమైన నాదం. కుడివైపు నల్లటి కరణి శాశ్వతం, ఈ రవ్వ మాత్రం ఏ కచేరీకి ఆ కచేరీకే. పాపం ఆరింటికని నమ్మి అతనూ ఐదున్నరకే అద్దాడు. ముఖ్య అతిథి తన మేనమామ కథ దగ్గరికి వచ్చేసరికి అది సున్నం పెచ్చులా ఎండి ఊడింది. గోటితో గీకి, సీసాలో నీళ్లు వేలితో చిలకరించి, మళ్లీ అద్దాడు. విశిష్ట అతిథి లేచేసరికి మళ్లీ ఊడింది. ఈసారి కుర్రాడు మృదంగం వైపు చూడలేదు, మైకు వైపు చూశాడు. పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) ఒక దశలో మైకు పెడితే వాయించనని భీష్మించాడట. ఆయన అభ్యంతరం నాదం గురించి. మా అభ్యంతరం ఇంకా ప్రాథమికం.

తాత్పర్యం

పాట ఎనిమిదింపావుకి మొదలైంది. ఆ అమ్మాయి బాగా పాడింది, చాలా బాగా పాడింది. వర్ణం, రెండు కృతులు, కల్యాణి ఆలాపనలో గాంధారం మీద నిలిచినచోట మేం చెప్పులు వెతుక్కుంటూ లేచాం. మమ్మల్ని చూసి ముందు వరుసలో ఒకాయన “సంగీతం అంటే జనానికి ఓపిక లేదండీ” అన్నాడు. ఆయన భుజం మీద శాలువా ఉంది.

అయ్యా, సత్కారాలు మానమని ఎవరూ అనడం లేదు. పాట అయ్యాక చేసుకోండి, ఉండేవాళ్లు ఉంటారు. అదీ కుదరదంటే కార్డు మీద రెండు టైములు వేయండి, సభ ఎన్నింటికో, పాట ఎన్నింటికో. ఇంకో లైను అచ్చుకి ఖర్చేం కాదు.

‘అందరూ ఆహ్వానితులే’. ఈ ‘అందరూ’కి అతివ్యాప్తి దోషం ఉంది. బెంజి సర్కిల్‌కి స్కూటరు దూరంలో ఇల్లున్నవారు అని అధ్యాహారం చేసుకుని చదువుకోవాలి.