తూకం తగ్గితే టన్నులు పెరుగును!

గోదావరిఖని పిల్లగాడు డాలస్‌లో కొనే సోనామసూరి సంచి మీద 20 పౌండ్లని ఉంటుంది. అంటే 9.07 కిలోలు. మన పది కిలోల సంచి సముద్రం దాటేసరికి కిలో దాకా చిక్కిపోయిందన్నమాట! పోనీయండి, బియ్యమే కదా.

అసలు మజా అమెరికా టన్నులో ఉంది. 2,000 పౌండ్లే, మన లెక్కలో 907 కిలోలు. 2023-24లో సింగరేణి తీసిన 7 కోట్ల టన్నుల బొగ్గును ఆ తూకంలో రాస్తే 7 కోట్ల 70 లక్షలు దాటుతుంది. కొత్త గని తవ్వక్కర్లేదు, తట్ట ఎత్తక్కర్లేదు, కాగితం మీదే టార్గెట్ దాటేసినట్టు! ఇన్సెంటివ్ కూడా ఆ టన్ను మీదే కట్టివ్వమని కార్మికులు అడిగారో, దొరలకు మెట్రిక్ విధానం వెంటనే గుర్తొస్తుంది.

మనమేం తక్కువ తిన్నామా? 1956లోనే మెట్రిక్ చట్టం తెచ్చుకున్నాం. వైన్స్ కిటికీ దగ్గర మాత్రం క్వార్టరే. ఫుల్లు 750 మిల్లీలీటర్లు, క్వార్టరు 180. నాలుగు క్వార్టర్లు కలిపితే 720. సరిగ్గా ఒక చిన్న పెగ్గు మాయం! బోనస్‌కు గొంతు చించుకునే గేట్ మీటింగుల్లో దీని సంగతి ఎవరైనా ఎత్తారా?