గ్లూటెన్ ఫ్రీ బెల్లం

మొత్తానికి బెల్లం కూడా గ్లూటెన్ ఫ్రీ అయింది. చెరుకు గానుగాడి, రసం కాచి, దిమ్మలు పోసి మార్కెట్ యార్డుకు తోలిన కామారెడ్డి రైతుకు తన బండిలో ఇంత మహత్తరమైన సరుకుందని ఇన్నేళ్లూ తెలియనే తెలియదు. పాపం, వచ్చిన ధరకు అమ్ముకుని ఇంటికి పోయాడు. తెలివైనవాళ్లు అదే దిమ్మను పగలగొట్టి, పొడి చేసి, మట్టిరంగు కాగితం సంచిలో పోసి, గోధుమ కంకి మీద అడ్డగీత ఉన్న బొమ్మ ఒకటి అంటించారు. ధరకు రెక్కలొచ్చాయి. చెరుకులో గ్లూటెన్ ఎప్పుడుంది, ఇప్పుడెట్లా తీసేశారు అని మాత్రం అడగకూడదు. అడిగితే మనకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేనట్టు.

బెల్లంతో ఆగుతుందా? బియ్యం గ్లూటెన్ ఫ్రీ. కందిపప్పు గ్లూటెన్ ఫ్రీ. పల్లీ నూనె, పసుపు, నువ్వులు, సబ్జా గింజలు అన్నీ గ్లూటెన్ ఫ్రీ. ఇంకా నయం, వాటర్ ట్యాంకర్లకు ఈ సంగతి తెలియదు. ఈ లెక్కన తెలంగాణలో గ్లూటెన్ లేని తిండి పంచే అతిపెద్ద సంస్థ పౌరసరఫరాల శాఖే అవ్వాలి. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, పైసా తీసుకోకుండా ఇస్తోంది. తానింత ఖరీదైన వైద్యాహారం పంచుతున్నానని రేషన్ డీలరుకు తెలిస్తే 'సర్వర్ డౌన్' రోజులు ఇంకో రెండు పెంచేవాడు.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బస్సులో పోతూ కిటికీలోంచి చూడండి. వరి, మక్క, చెరుకు, మధ్యమధ్య సోయా. గోధుమ చేను కావాలంటే వెతుక్కోవాలి. నిజాంసాగర్ కట్టిన కాలం నుంచీ ఈ నేల పండించేది దాదాపు అంతా గ్లూటెన్ లేనిదే. ఈ జనానికి గ్లూటెన్ లేని బియ్యం అమ్మడానికి ఎంత గుండె కావాలి! 2023 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రిని, అప్పటికి కాబోయే ముఖ్యమంత్రిని ఒకే రోజు ఓడించి పంపిన ఊరు కామారెడ్డి. అంత సులువుగా ఎవరి మాటా నమ్మని ఊరు ఒక స్టిక్కరుకు పడిపోతుంటే చూడ్డానికి బాధగా ఉంది.

అసలు సంగతి ఇది. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే ప్రొటీన్లనే గ్లూటెన్ అంటారు. చపాతీ పిండి సాగేది దానివల్లే. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ల ఒంట్లోకి అది పోతే వాళ్ల రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపల తిండిలోని సారాన్ని పీల్చుకునే సన్నటి వేళ్లలాంటి పొర చదునైపోతుంది. అప్పుడు ఎంత తిన్నా ఐరన్ అందదు, కాల్షియం అందదు. పిల్లలు ఎదగరు. పెద్దల్లో విరేచనాలు ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఏళ్ల తరబడి ఐరన్ గోళీలు మింగినా రక్తం పెరగకపోవడం ఒక్కటే లక్షణంగా బయటపడేవాళ్లున్నారు. దీనికి రోజువారీ మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ ముట్టకపోవడమే వైద్యం.

ఇది తెలుసుకోవడానికి లోకానికి చాలా కాలం పట్టింది. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టరు ఈ జబ్బున్న పిల్లలకు అరటిపండ్లు పెట్టి బాగు చేశాడు. మహిమ అరటిపండుదే అనుకున్నారు. ఆ పిల్లల కంచంలో రొట్టె లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అనే పిల్లల డాక్టరుకు మాత్రం గోధుమ మీద ముందే అనుమానం. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల రొట్టెకు కరువొచ్చి దేశం ఆకలితో అల్లాడుతుంటే ఈ పిల్లలు తేరుకోవడం, గోధుమలు తిరిగి రాగానే మళ్లీ పడకెక్కడం చూశాడు. 1950లో దాని మీదే థీసిస్ సమర్పించాడు.

అంత కష్టపడి కనుక్కున్న సత్యం ఇప్పుడు ఎవరి చేతిలో పడిందో చూడండి. టెన్నిస్ వీరుడు నొవాక్ జకోవిచ్ తన కథ తానే 2013లో పుస్తకంగా రాసుకున్నాడు. 2010లో ఒక డాక్టరు ఆయన పొట్ట మీద బ్రెడ్డు ముక్క పెట్టి, ఒక చెయ్యి చాపమని కిందికి నొక్కి చూశాడట. చెయ్యి బలహీనపడింది కాబట్టి గోధుమ పడదని తేలిందట! ఎల్లారెడ్డి అంగట్లో ఎవరైనా ఈ పని చేస్తే భూతవైద్యుడని పోలీసులకు పట్టిస్తాం. జకోవిచ్ గోధుమ మానాడు, 2011లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. మానితే మనమూ గెలుస్తామని లోకం మానడం మొదలుపెట్టింది. ఆయన రోజుకు ఎన్ని గంటలు ప్రాక్టీసు చేస్తాడన్నది ఎవరూ అనుకరించడం లేదు గానీ, రొట్టె మానడం సులువు కదా.

మన వైపు కథ ఇంకా విచిత్రం. తాతలు జొన్న రొట్టె, గట్క, అన్నం తిన్నారు. షుగరు వచ్చిందనగానే, "అన్నం బందు పెట్టు, రాత్రికి చపాతి తిను" అన్నారు. ఎన్ని తినాలో చెప్పలేదు, చెప్పినా వినలేదు. అన్నం ఒక కంచం తినే మనిషి చపాతీలు ఆరు లాగించి పథ్యం చేశానన్న తృప్తితో పడుకున్నాడు. ఇరవై ఏళ్లు ఇలా గడిచాక ఇప్పుడు ఫోన్లో ఒకాయన ప్రత్యక్షమై, "గోధుమ విషం, జొన్నే అమృతం" అంటున్నాడు. పోయిన దారినే తిరిగి రావడానికి ఇంత ఖర్చా!

"మా దిక్కు ఆ రోగం లేదు తియ్" అనే ఇంకో జట్టుంది. సగం నిజమే. 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఉత్తరాదిన వెయ్యి మందిలో ఎనిమిది మందికి పైగా ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదికి తీసుకున్న వేలూరు ప్రాంతంలో పది వేలకు ఒక్కరు. ఉత్తరాదిన మనిషి రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిన 25 గ్రాములే. కానీ అదే అధ్యయనంలో ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు ఉత్తరాదిన 38 శాతం మందిలో ఉంటే దక్షిణాదిన 36 శాతం మందిలో ఉన్నాయి. జన్యువులున్న అందరికీ జబ్బు రాదు, చాలామందికి రాదు. అయినా జన్యువులు ఎప్పటినుంచో సిద్ధంగానే ఉన్నాయి, చపాతీయే కొంచెం ఆలస్యంగా వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆ పది వేలలో ఒక్కరి సంగతికొద్దాం. ఈ స్టిక్కర్లన్నీ ఎవరి పేరు చెప్పి పుట్టాయో ఆ మనిషికి వీటివల్ల ఒరిగింది ఏమిటి?

జొన్న రొట్టె తినొచ్చు కదా అంటారు. తినొచ్చు. జొన్నలు గిర్నీకి తీసుకుపోవాలి. అక్కడ మనకన్నా ముందు ఎవరివో పది కిలోల గోధుమలు అదే రాయిలో ఆడుతుంటాయి. అవి అయిపోగానే గిర్నీ ఆయన పిండి పడే మూతికి కట్టిన గుడ్డను రెండు తట్లు తట్టి మన జొన్నలు పోస్తాడు. ఆ గుడ్డ మడతల్లో, రాయి గాడుల్లో ఉన్న గోధుమ పిండంతా మన డబ్బాలోకే. కారం పట్టిన గిర్నీలో పిండి పడతానంటే కొట్లాటకు దిగుతాం, ఎందుకంటే నాలుకకు తెలుస్తుంది. గోధుమ దుమ్ము నాలుకకు తెలియదు, పేగుకే తెలుస్తుంది. పోనీ సాయంత్రం బండి దగ్గర కొనుక్కుందామంటే ఆ బండి మీద ఒకటే పెనం. చపాతీ తీసిన చోటే జొన్న రొట్టె పడుతుంది. విరగకుండా ఉండాలని జొన్నపిండిలో పిడికెడు గోధుమ పిండి కలిపే చేతులూ ఉంటాయి. రొట్టె మెత్తగా వచ్చిందని మనమే మెచ్చుకుంటాం.

సంక్రాంతి వస్తుంది. సకినాల్లో ఉండేది బియ్యప్పిండి, నువ్వులు, వాము. నిక్షేపంగా తినాల్సినవి. కానీ అదే మూకుట్లో, అదే నూనెలో అంతకుముందే మైదా గరిజెలు కాలి ఉంటాయి. సద్దుల బతుకమ్మ నాటి మలీద చాలా ఇళ్లలో చపాతీలు నలిపి బెల్లం కలిపిందే. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వది, అన్నవరం కొండ మీద ఇచ్చేదీ గోధుమ నూకదే. వద్దంటే ఇక అత్తమ్మను చూడాలి. "దేవుని ప్రసాదం కాదంటవా బిడ్డా? గింతంత నోట్లేసుకుంటే ఏమైతది?" గింతంతకు ఏమవుతుందో వైద్యులు లెక్కగట్టారు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి పోతే చాలు, పేగు పొర దెబ్బతింటుంది. ఒక బ్రెడ్డు ముక్కలో ఉండేది రెండు గ్రాములపైనే. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు. అత్తమ్మ చెప్పిన గింతంత దానికి ఎన్నో రెట్లు. దేవుడు క్షమిస్తాడు, పేగు క్షమించదు.

ఆ మనిషి నీరసించి దవాఖానలో చేరితే చూడ్డానికి వచ్చిన చుట్టాలు చేతిలో ఏం పట్టుకొస్తారు? బ్రెడ్డు ప్యాకెట్టు, హార్లిక్స్ సీసా. ఇంకా ప్రేముంటే బార్లీ కాచి ఫ్లాస్కులో తెస్తారు. బ్రెడ్డు గోధుమ, హార్లిక్స్ గోధుమా బార్లీ మాల్టూ, ఫ్లాస్కులో ఉన్నది బార్లీయే. రోగిని పడగొట్టిన సరుకంతా పరామర్శ పేరుతో మంచం పక్కన స్టూలు మీద పేర్చిపోతాం.

అన్నిటికన్నా గడుసుది ఇంగువ. చారులో చిటికెడు, పులిహోరలో చిటికెడు. బజారులో దొరికే ఇంగువ చాలావరకు ముడి ఇంగువ కాదు. అది అంత ఘాటుగా ఉంటుంది కాబట్టి జిగురు, మైదా లాంటివి కలిపి పొడి చేసి అమ్ముతారు. కొన్ని కంపెనీలు బియ్యప్పిండి కలుపుతాయి, చాలా కంపెనీలు గోధుమ పిండే కలుపుతాయి. ఆ సంగతి డబ్బా మీద రాసే ఉంటుంది. ఆవగింజంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, డబ్బా మెలి తిరిగే చోట. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ మాట చెప్పి తీరాలి. చెబుతున్నారు కూడా, ఎవరికీ వినపడకుండా. లేని చోట అరచేతి మందం అక్షరాలతో 'లేదు' అని అరుస్తారు, ఉన్న చోట 'ఉంది' అని చెవిలో గొణుగుతారు. మన ఆహార ప్రమాణాల సంస్థ గ్లూటెన్ ఫ్రీ అనడానికి కిలోకు 20 మిల్లీగ్రాముల గీత గీసింది. బెల్లం, కందిపప్పు ఆ పరీక్ష అవలీలగా గట్టెక్కుతాయి. అసలు పరీక్ష రాయాల్సిన పిండి, ఇంగువ, ఓట్సు, మసాలాలు పరీక్ష హాలు దరిదాపులకు రావు. రోడ్డు పక్క బజ్జీలకు, స్వగృహ మిఠాయిలకు లేబులే లేదు, ఇక గొడవే లేదు.

ఈ ఫ్యాషన్ చేసే అసలు నష్టం జేబుకు కాదు. ఫోన్లో మాట విని ముందే గోధుమ మానేసిన మనిషి రెండు నెలల తర్వాత అనుమానమొచ్చి డాక్టరు దగ్గరికి పోతే ఏమవుతుంది? ఈ జబ్బును పట్టే టీటీజీ రక్తపరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీలో తీసే పేగు ముక్క పరీక్ష, రెండూ గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా తేలుస్తాయి. మానేశాక చేస్తే ఏమీ లేదని కాగితం వచ్చే అవకాశం ఉంది. ఆ కాగితం చూసుకుని ధైర్యంగా మళ్లీ పరోటా తింటాడు. ఇంకో వైపు, గోధుమ మానాల్సిన అవసరమే లేని పది మంది హోటల్లో గ్లూటెన్ ఫ్రీ అడిగి, చివర్లో ఐస్‌క్రీం మీద బిస్కెట్టు నంజుకు తింటారు. అది చూసిన సర్వరు పదకొండో మనిషి, నిజంగా రోగి, అడిగినప్పుడు నవ్వి ఊరుకుంటాడు.

జబ్బు లేనివాళ్లారా, మీ చపాతీ మీరు తినండి, మీ అన్నం మీరు తినండి, స్టిక్కరుకు డబ్బు దండగ చేయకండి. గిర్నీ నడిపే అన్నలారా, పొద్దున రాయి దులిపి మొదటి వంతు జొన్నలకు, బియ్యానికి ఇవ్వండి, గోధుమలు తర్వాత పట్టండి. కంపెనీల వాళ్లారా, ఇంగువ డబ్బా మీద 'గోధుమ పిండి ఉంది' అని తెలుగులో, కళ్లజోడు లేకుండా కనిపించేటట్టు అచ్చు వేయండి. ఇక ఎన్ని గోళీలు మింగినా రక్తం పట్టనివాళ్లు, ఎంత తిన్నా ఎదగని పిల్లల తల్లిదండ్రులు టీటీజీ పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఆ పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి.