నోటికి సెలవే లేదు

ఎవరికి షుగరొచ్చినా మొదటి నింద అన్నానికే. డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి రాగానే బియ్యం డబ్బా మీద పడతారు. ఆ మనిషే సాయంత్రం టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకు తింటాడు. వీధి చివర బండి దగ్గర ఓ ప్లేటు పునుగులు లాగిస్తాడు. రాత్రికి మాత్రం "అన్నం మానేశానండీ, పుల్కాలే" అంటాడు. పుల్కాలు ఎన్నో అడిగితే లెక్క చెప్పడు.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. తెనాలి దగ్గర పల్లెలో కిరాణా కొట్టు నడిపినవాణ్ణి నేను. ఏ ఇంట్లో ఏం వండుతున్నారో ఇరుగుపొరుగు కంటే ముందు నా పద్దు పుస్తకానికి తెలిసేది. మా రోజుల్లోనూ అన్నమే తిన్నాం. బియ్యం ఉన్న ఇళ్ళలో ఇప్పటివాళ్ళ కంటే ఎక్కువే తిన్నాం. పొద్దున చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ. మధ్యాహ్నం పప్పూ గోంగూరా. దీపాలు పెట్టే వేళకి మళ్ళీ అన్నమే. అయితే ఆ పూటకీ ఈ పూటకీ మధ్య నోరు ఖాళీగా ఉండేది, కాళ్ళూ చేతులూ ఖాళీగా ఉండేవి కావు. ఇప్పుడంతా తిరగబడింది. కాళ్ళకి పనే లేదు, నోటికి సెలవే లేదు.

పంచదార సంగతి చూడండి. పావుకిలో అడిగితే పాత పేపరు చింపి పొట్లం చుట్టి, తూచి పోసి, పైన వేలాడే ఉండ నుంచి పురికొస లాగి నాలుగు చుట్లు చుట్టి, పుటుక్కున తెంపి చేతిలో పెట్టేవాణ్ణి. చిన్న సంసారానికి ఆ పొట్లం రోజుల తరబడి వచ్చేది. పిల్లలు తీపి తీపి అని గోల చేస్తే బెల్లం ముక్క. అరిసెలూ బూరెలూ పండక్కి. ఇప్పుడు అదే చోట ఇంకొకాయన కొట్టు పెట్టాడు. గుమ్మం పొడుగునా చిప్స్ ప్యాకెట్లు వేలాడుతుంటాయి, లోపల కూల్‌డ్రింకుల ఫ్రిజ్. బడి వదలగానే పిల్లలంతా అక్కడే. రోజుకి పంచదార 25 గ్రాములు దాటొద్దని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెబుతుంటే, 300 మిల్లీల కోలా సీసాలోనే 30 గ్రాముల దాకా ఉంటోంది. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా గల్లంతు.

ఈ సంస్థ ఎక్కడో లేదు, మన హైదరాబాదు తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని మొదలై, 1958లో ఇక్కడికొచ్చింది. బెరిబెరి ఎందుకొస్తుంది? బియ్యాన్ని తెల్లగా తోమి, తవుడులో ఉండే బి1 విటమిన్‌ని పారేసుకుంటే వస్తుంది. అంత చరిత్ర ఇంట్లోనే పెట్టుకుని మనం నేర్చుకున్నదేమిటి? దంపుడు బియ్యం పోయి మిల్లు బియ్యం వచ్చింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అదే సాంబ మసూరి, వచ్చాక సన్నబియ్యం తప్ప ఇంకేదీ గొంతు దిగడం లేదు. బియ్యం తప్పేం లేదు, బంగారంలాంటి బియ్యం. మిల్లులో పట్టిన పాలిష్‌దే తప్పు. "ఇంకా తెల్లటివి లేవా?" అని నన్ను అడిగినవాళ్ళే గానీ, "కాస్త తవుడున్నవి ఇవ్వు" అన్న ఇల్లాలిని నేను చూళ్ళేదు. తవుడు గేదెలకి, బి కాంప్లెక్సు బిళ్ళలు మనకి!

ఇక నూనె. మా రోజుల్లో గానుగ నూనెకి సీసా పట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఐదు లీటర్ల క్యాను. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్కలో రెండు వేల క్యాలరీలు తినే మనిషికి రోజుకి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. కిరాణా లెక్క నాకొదలండి: నలుగురున్న ఇంటికి నెలకి మూడుంపావు కిలోలు. క్యానులో ఉండేది నాలుగున్నర. అది ఇరవయ్యో తారీకుకే ఖాళీ అవుతుంటే, బయట తిన్న బజ్జీలూ బిర్యానీలూ పద్దులో ఎక్కకుండానే ఆ సంసారం అప్పుల్లో పడ్డట్టు. ఉప్పూ అంతే. మనిషికి రోజుకి ఐదు గ్రాములు, నలుగురికి నెలకి 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెల తిరక్కుండా అయిపోతోందంటే ఎక్కడికి పోతోంది? ఒంట్లోకే!

మా రోజుల్లో అంతా అమృతమే తిన్నామని మాత్రం అనను. ఆవకాయలో ఉప్పు తక్కువా? ఊళ్ళో బీపీ చూసిన నాథుడే లేడు. కాలూ చెయ్యీ పడిపోతే గాలి సోకిందనేవాళ్ళు, గుండె ఆగిపోతే ఆయుష్షు తీరిందనేవాళ్ళు. వనస్పతి డబ్బా ఇంట్లో ఉంటే అదొక హోదా. అందులో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడ్డ కొవ్వుని 2 శాతం దాటనివ్వకూడదన్న నిబంధన 2022కి గానీ రాలేదు. చాలామంది తక్కువ తిన్నది కూడా బుద్ధి ఉండి కాదు, లేక. 1983లో ఎన్టీ రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాకే చాలా ఇళ్ళలో రోజూ అన్నం కుండ పొయ్యెక్కింది. ఆ ముద్దని ఎవరైనా తప్పుపడితే నేనూరుకోను.

నా గొడవల్లా పూటల గురించే. తిన్నప్పుడల్లా నెత్తుట్లోకి చక్కెర చేరుతుంది. దాన్ని కండల్లోకీ కాలేయంలోకీ సర్దడానికి ఇన్సులిన్ దిగుతుంది. ఇన్సులిన్ ఆ పనిలో ఉన్నంతసేపూ ఒంట్లో దాచిన కొవ్వు పెద్దగా బయటికి రాదు. మళ్ళీ ఆకలయ్యేదాకా ఆగితేనే ఆ నిల్వ ఖర్చవుతుంది. గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేస్తుంటే సరుకు దిగుమతే తప్ప అమ్మకం ఉండదు. గోడౌను నిండాక బస్తాలు వరండాలో పడేసినట్టు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. అక్కణ్ణుంచి నెత్తుట్లో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినదు, బీపీ ఎక్కుతుంది. షుగరొకటీ గుండెజబ్బొకటీ అని విడివిడిగా భయపడుతుంటారు గానీ, రెండింటికీ చాలాసార్లు పుట్టిల్లు ఆ పొట్టే. మన దేశపు మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడమని వైద్యులు చెబుతున్నారు. ఒళ్ళంతా సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాడు "నేను లావు కాదు" అని మురిసిపోతే లాభం లేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. కొండల సంగతేమో గానీ పొట్టలు మాత్రం కరగడం లేదు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరుందనీ, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచు మీద ఉన్నారనీ లెక్క తేల్చింది. అంచు మీద ఉన్నవాళ్ళలో చాలామంది ఇంకా వెనక్కి రాగలరు. కానీ వచ్చేవాళ్ళని రానివ్వరే! యూట్యూబులో ఒకడు నెయ్యి తాగమంటాడు, ఇంకొకడు కొబ్బరినూనె తాగమంటాడు, మరొకడు పండే ముట్టొద్దంటాడు. అదే 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. సంతోషమే. లేనివాళ్ళ తిండి అని ముఖం చిట్లించిన జొన్నకీ రాగికీ మర్యాద దక్కింది. వెంటనే మిల్లెట్ బిస్కెట్లు దిగాయి. ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవండి. ఏది బరువులో ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలన్నది చట్టం. మొదట మైదా, తర్వాత పంచదార, ఆ తర్వాత పామాయిల్ కనిపిస్తే, రాగులు బొమ్మకే పనికొచ్చాయన్నమాట.

హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో నేను చెప్పేది ఇంతే. కంచంలో అన్నం కుప్ప తగ్గించి కూరా పప్పూ పెంచండి. ముందు కూర తినండి, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. తిన్నాక కాసేపు నడవండి, నెత్తుట్లో చక్కెరని కండలు లాక్కుంటాయి. రాత్రి భోజనం పెందలాడే కానిచ్చి, తెల్లారేదాకా వంటింటికి తాళం వేయండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా పూటలు మానొద్దు, చక్కెర పడిపోతే అదింకో ప్రమాదం. కోడలు "అలాగే మామయ్యగారూ" అంటుంది. మనవడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయడు. రాత్రి పదింటికి కాలింగ్‌బెల్ మోగుతుంది, బిర్యానీ డబ్బా, పక్కనే కూల్‌డ్రింకు.

మా అబ్బాయికి షుగరు మాత్ర ఉంది. భోజనంతో వేసుకోవాలి. దానికి ఫోన్లో ఎనిమిదింటికి అలారం పెట్టుకున్నాడు, రోజూ ఠంచనుగా మోగుతుంది. కానీ ఆ వేళకి కంచం ముందు ఎవరూ ఉండరు. "తిన్నాక వేసుకుంటాలే నాన్నా" అని నొక్కేస్తాడు. మాత్రకి వేళ పెట్టారు, మెతుక్కి పెట్టలేదు. ఒరే అబ్బాయ్, ఆ అలారమేదో ముందు అన్నానికి పెట్టుకో. మాత్ర సంగతి తర్వాత.