చీకటి మిగలని 'రాత్రి'

రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' చూసినవట, అంత భయమేం లేదన్నవట. ఎట్ల ఉంటది బిడ్డా? అరచేతంత తెర మీద, వెలుతురు మొత్తం పెంచి, బస్సులో కూర్చుని చూసినవాడికి ఏ దయ్యం కనిపిస్తది?

1992లో ఆ సినిమా వచ్చిననాటికి మన బౌరంపేటలో పొద్దు గూకిందంటే చీకటే. చుట్టూ పొలాలు, ద్రాక్షతోటలు. పెళ్లికో పండక్కో వీసీఆరూ కలర్ టీవీ కిరాయికి తెచ్చేవాళ్లు. ఆ టీవీని స్కూటరు వెనక ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడికి ఎంత మర్యాదో! వాకిట్లో చాపలు పరిస్తే ఊరు సగం అక్కడే. దేవుడి సినిమా ముందు, దయ్యం సినిమా ముసలోళ్లు నిద్రపోయినంక. అది అయిపోయినంక ఇంటికి ఒక్కడే పోయే మగాడు లేడు.

టేపు అరిగేది, గీతలు పడేవి, రంగులు పాలిపోయేవి. కాదనను. కానీ చీకటి చీకటిగానే ఉండేది. 'రాత్రి'లో రేవతి ఇంటి నేలమాళిగ వైపు పోతుంటే, తేజ కెమెరా మెల్లగా వెంట పోతుంటే, మణిశర్మ సంగీతం సన్నగా మొదలైతే, అక్కడేదో ఉందని మన కళ్లే వెతికేవి. భయమంతా ఆ వెతుకులాటలోనే. తీసినాయన కూడా సినిమాల్లోకి రాకముందు అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపినవాడే. రాత్రిపూట ఇంట్లో జనం సినిమా ఎట్ల చూస్తరో ఆయనకు తెలియంది కాదు.

తర్వాత డిస్కులొచ్చినయ్. వీసీడీ అంటే ఏందో తెలుసా? అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు, అంతే బొమ్మ. ఒక్కో డిస్కులో 74 నిమిషాలే పట్టేది. సరిగ్గా గుండె దడదడలాడుతున్నప్పుడు సినిమా ఆగి, రెండో డిస్కు పెట్టమనేది. అంతకన్నా ఘోరం చీకటి సంగతి. బొమ్మను కుదించే లెక్క దాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి, కన్ను పెద్దగా పట్టించుకోదనుకున్న వివరాన్ని పారేస్తది. చీకటి మూలల్లోని సన్నటి తేడాలే ముందు పోతయ్. నల్లటి మూలలో దయ్యం ఉండాల్సిన చోట బూడిదరంగు చదరాలు కదులుతుంటే ఏం భయపడతం? డీవీడీ వచ్చినంక చుక్కలు 720, 576కి పెరిగినయ్. కానీ నేను కొన్న పాత దయ్యం సినిమాల డిస్కులు చాలామటుకు అరిగిన ప్రింటు నుంచో టేపు నుంచో ఎక్కించినవే. బూజుపట్టిన బియ్యాన్ని కొత్త సంచిలో పోస్తే అన్నం బాగుంటదా? ఇప్పుడు నీ ఫోన్లో నడిచేది ఎవడో ఆ డిస్కు నుంచి మళ్లీ కుదించి పెట్టింది కాదని నమ్మకమేంది?

అమెరికాలో జార్జ్ రొమెరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' గతి కూడా ఇంతే అయింది. కాపీరైటు ప్రకటన తెర మీద లేకపోవడంతో హక్కులు పోయి, దొరికినవాడల్లా దొరికిన ప్రింటుతో క్యాసెట్లూ డిస్కులూ వేసి అమ్మిండు. చివరికి న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం అసలు నెగెటివ్ నుంచి 4కేలో బాగు చేసి 2016లో చూపించింది. అది చూస్తే ఆ నలుపు ఎంత లోతో అప్పుడు తెలుస్తది.

మనవాళ్లకు చేతగాదని కూడా అనలేను. ఇదే వర్మ తీసిన 'శివ'ను అట్లాగే 4కే చేసి 2025లో మళ్లీ థియేటర్లకు తెచ్చిన్రు. ఆ సినిమాలోని సైకిల్ చైనుకు ఇచ్చిన మర్యాద 'రాత్రి'కి ఎందుకు ఇయ్యొద్దు? కొట్లాట సినిమా మసక బొమ్మలో కూడా ఎట్లనో బతుకుతది. దయ్యం సినిమాకు నలుపు పోయిందంటే ప్రాణం పోయినట్టే. దాన్నే ముందు కాపాడాలె.

ఆ పని జరిగి మంచి డిస్కు వస్తే మా ఇంటికి రా, కూర్చోబెట్టి చూపిస్త. వచ్చేటప్పుడు రెండు మందపాటి దుప్పట్లు పట్టుకురా. ఔటర్ రింగ్ రోడ్డు దీపాలూ కొత్త విల్లాల దీపాలూ కలిసి తెల్లవార్లూ మా కిటికీలోకి కొడుతున్నయ్, వాటికి అడ్డం కట్టాలె.