కన్నం లేని దొంగతనం: హారన్‌పథ వ్యాఖ్యాసహితం

అవతారిక. కోలాచల మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసుకూ భారవికీ మాఘుడికీ వ్యాఖ్యలు రాసిన మహానుభావుడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు. కిరాతార్జునీయానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. అంతటివాడు పుట్టిన ఊరికి దక్షిణాన, వికారాబాద్ తాండూరు సీమలో, ఇంటింటా చేరుతున్న ఒక గద్యగ్రంథానికి నేటివరకూ వ్యాఖ్య లేకపోవడం మనందరికీ తలవంపు. కారు కొన్నవాళ్లకు డాష్‌బోర్డు అరలో ఉచితంగా దొరికే ఓనర్స్ మాన్యువలే ఆ గ్రంథం. కర్త పేరు ఎక్కడా కనపడదు కనుక దాన్ని అపౌరుషేయమనే అనుకోవాలి. మూలం ఇంగ్లీషు, తెలుగు పాఠం దొరకడం గగనం. అందుచేత కీలెస్ ఎంట్రీ కాండ నుంచీ యాంటీ థెఫ్ట్ కాండ నుంచీ మూడు సూత్రాల సారాన్ని తీసి మేమే తెలుగు చేసుకున్నాం. మల్లినాథుడి ఒట్టులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్య నాలుగు వాక్యాల్లో ముగిసిపోతుంది. ప్రతిపదార్థం జోలికి పోము. డోరంటే ఏమిటో, బటనంటే ఏమిటో చెప్పించుకునే స్థితిలో పాఠకులు లేరు. వ్యాఖ్య పేరు హారన్‌పథం. తాళం వేసినప్పుడల్లా బజారంతా వినేలా రెండుసార్లు కుయ్యిమనిపిస్తే తప్ప కారు తనదని నమ్మకం కుదరని యజమానులకు ఇది అంకితం.

సూత్రం 1. జేబున తాళంచెవి గలవాడు సమీపించినంతనే ద్వారము విచ్చుకొనును. బటను నొక్కినంతనే యంత్రము మేల్కొనును.

వ్యాఖ్య. వెన్నెల తాగే చకోరం ఎలాంటి కవిసమయమో, దగ్గరికొచ్చినవాడే యజమాని అనడం కూడా అలాంటి కవిసమయమే. లోపల జరిగేది ఇది. తలుపు పిడి ముట్టుకోగానే కారులోని యాంటెనాలు సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న కేక వేస్తాయి. అది మీటరు, రెండు మీటర్లకు మించి వినపడదు. జేబులోని తాళంచెవి ఆ కేక విని, 433 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో సంకేతభాషలో బదులిస్తుంది. బదులు సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. సంకేతం ప్రతిసారీ మారుతుంది కనుక ఇవాళ విని దాచుకుని రేపు వాడుకుందామంటే కుదరదు. ఇంతవరకు గ్రంథకర్త పాండిత్యానికి వంక పెట్టలేం. చిక్కల్లా తర్కంలో ఉంది. యజమాని దగ్గరున్నాడని కారు కొలిచి తెలుసుకోవడం లేదు. కేకకు బదులొచ్చింది కనుక దగ్గరే ఉండి ఉంటాడని ఊహిస్తోంది. పొగ కనపడితే నిప్పుందనడం చెల్లుతుంది, ఎందుకంటే నిప్పు లేని చోట పొగ ఉండదు. బదులు రావడం మాత్రం యజమాని దూరంగా ఉన్నప్పుడు కూడా సాధ్యమే. మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇలాంటి హేతువును సవ్యభిచారమని పేరు పెట్టి పక్కన పడేశాడు. ఒకడు రేడియో పెట్టె పట్టుకుని కారు దగ్గర, మరొకడు ఇంకో పెట్టెతో యజమాని గుమ్మం దగ్గర నిలబడితే చాలు. మొదటి పెట్టె కేకను మోసుకుపోతుంది, రెండోది తాళంచెవికి వినిపిస్తుంది, నిజమైన తాళంచెవే నిజమైన బదులిస్తుంది. సంకేతాన్ని ఎవరూ ఛేదించలేదు, దూరాన్ని దాచిపెట్టారు, అంతే. 2011లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద ఈ పని చేసి చూపించారు. పదీ లొంగిపోయాయి.

దూరం నిజంగా తెలుసుకోవాలంటే ఏం చేయాలో వికారాబాద్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థను మొదట పరీక్షించింది లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలోనూ వికారాబాద్, బీదర్ మార్గంలోనూ. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజనులో కూర్చుని ఉండగా, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది. అక్కడ కూడా రేడియోనే మాట్లాడింది. కానీ రేడియో వినపడిందన్న ఒక్క ముక్క మీద ఆధారపడలేదు. పట్టాల మధ్య బిగించిన ట్యాగులను చదువుకుంటూ పోయే ఇంజనుకు తానెక్కడుందో ముందు తెలుసు, తర్వాతే రేడియోలో చెబుతుంది. కార్లకూ ఇలాంటి మందుంది. వెలుతురు నానోసెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది, రేడియో తరంగం కూడా అంతే. బదులు రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే దూరం తేలిపోతుంది. పెట్టెల దొంగ సంకేతాన్ని పెద్దది చేయగలడు గానీ కాలాన్ని చిన్నది చేయలేడు. అల్ట్రా వైడ్ బ్యాండ్ అనే ఈ పద్ధతి వచ్చి ఏళ్లయింది, ముందుగా చేరిందేమో ఖరీదైన కార్లకు. తక్కిన కార్లకు వచ్చేసరికి ఊహా ప్రమాణమే మిగిలింది, బ్రోచరులో దానికి స్మార్ట్ అని బిరుదు.

పూర్వపక్షం. ఇది లండన్ కాదు, తాండూరు; పెట్టెలు మోసుకుని ఎవడొస్తాడు అని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మన దేశంలో పోలీసులకు ఎక్కువగా చిక్కేది ఇంకో రకం పనిముట్టు. అద్దం పగలగొట్టి లోపల దూరి, మెకానిక్కులు కారు జబ్బు చదివే పోర్టుకు యంత్రం తగిలించి, కొత్త తాళంచెవిని అసలుదని కారును నమ్మించేస్తారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక హోటల్ పార్కింగ్ నుంచి 2021లో పోయిన ఖరీదైన కారు విషయంలో పోలీసులు చెప్పిన కథ ఈ కోవలోదే. కాబట్టి పూర్వపక్షి గెలిచింది పెట్టెల విషయంలో మాత్రమే. దారి ఏదైనా, చివరికి కారు తన కొత్త యజమానికి సలాం కొట్టే బయల్దేరుతుంది.

సూత్రం 2. అన్యుడు తాకినయెడల వాహనము ఆక్రోశించును. చోరుడు భీతుడై పలాయితుడగును.

వ్యాఖ్య. చోరుడి మనసు తెలిసినవాడు రాసిన వాక్యం కాదిది. అందుకు శూద్రకుడి దగ్గరికి పోవాలి. ఆయన సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడనే దొంగ నాయకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. వేదం చదివిన ఇంట పుట్టినవాడు, ప్రియురాలి దాస్యం విడిపించడానికి డబ్బు కావాలి, చోరవిద్యలో పట్టభద్రుడు. ముందు గోడను పరిశీలిస్తాడు: ఎక్కడ నీళ్లు పడి నానింది, ఎక్కడ ఉప్పు తిని పొరలూడింది, ఎక్కడ ఎలుకలు తోడాయి. కాల్చిన ఇటుకలైతే లాగెయ్యాలి, పచ్చి ఇటుకలైతే కొయ్యాలి, మట్టిదైతే తడపాలి, చెక్కదైతే చీల్చాలి. ఆ తర్వాత ఆకారం సంగతి. విచ్చిన తామర, సూర్యబింబం, నెలవంక, దిగుడుబావి, స్వస్తికం, పూర్ణకుంభం, ఇలా కన్నాల్లో జాతులున్నాయి. కాల్చిన ఇటుకకు పూర్ణకుంభమే అందమని నిర్ణయిస్తాడు. కొలతాడు మరిచిపోయి వస్తే జంధ్యంతో కొలుస్తాడు. పాము కరిస్తే అదే జంధ్యంతో వేలు కట్టుకుంటాడు. ఆపద్ధర్మంగా జంధ్యానికున్న ప్రయోజనాలను ఇంత విపులంగా ధర్మశాస్త్రాలు కూడా చెప్పలేదు. ముందు తను దూరకుండా ఒక బొమ్మను లోపలికి తోస్తాడు. దీపం ఆర్పడానికి పురుగును వదులుతాడు. నేలలో నిధి ఉందేమో తెలుసుకోవడానికి విత్తనాలు చల్లి చూస్తాడు. ఏమీ తేలకపోయేసరికి ఇంటివాడు నిజంగానే పేదవాడని గ్రహించి వెనక్కి పోదామనుకుంటాడు. చివరికి నాయిక వసంతసేన చారుదత్తుడికి దాచమని ఇచ్చిన నగల మూట చేతికొస్తుంది. అన్నిటికన్నా గొప్పది ఆ తర్వాతి ఘట్టం. చారుదత్తుడు లేచి గోడకు పడ్డ కన్నాన్ని చూసి, ఎంత పనితనం అని మెచ్చుకుంటాడు. దొంగ వట్టి చేతులతో పోలేదు కదా అని ఊరట పడతాడు. లోకసాహిత్యంలో చోరీకి దొరికిన అత్యుత్తమ సమీక్ష ఇదే. ఈ అంకాన్ని సంధిచ్ఛేదమనడం, సంధి అంటే గోడకన్నం కూడా కావడం, వ్యాకరణ పండితులకు వదిలేస్తున్నాం.

సైరను సంగతి మరిచాం. శర్విలకుడి కాలంలో అది లేదు, ఉన్నా అతడు భయపడేవాడు కాడు. పెట్టెల దొంగ తాకేసరికి తాళంచెవి సమ్మతించి ఉంటుంది కనుక కారు నోరెత్తదు. తక్కిన అందరికీ అరుస్తుంది. అనంతగిరి గుట్టల మీద కారు బానెట్టెక్కిన కోతికి అరుస్తుంది. తాండూరులో నిలువుగా పేర్చిన నాపరాళ్లతో లారీ స్పీడ్ బ్రేకరు దాటితే, ఆ అదురుకు బయటి షాపుల్లో బిగించిన అలారం సెన్సర్లు దొంగతనమనుకుని అరుస్తాయి. వీధిలోవాళ్లు దుప్పటి తలమీదికి లాక్కుంటారు. నాన్నా పులి కథలోని కుర్రాడికి మూడోసారికి గానీ ఈ గౌరవం దక్కలేదు.

విశేషం. యంత్రాలన్నీ బూటకమని మా సిద్ధాంతం కాదు. సరైన తాళంచెవిలోని చిప్పును గుర్తుపట్టకపోతే ఇంజనును కదలనివ్వని ఇమ్మొబిలైజర్ నిజంగా మేలు చేసింది. అమెరికాలో హ్యుందాయ్, కియా కంపెనీలు చాలా మోడళ్లలో అది పెట్టకుండా అమ్మితే, 2021 ప్రాంతంలో కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్ కొసతో స్టార్ట్ చేసి తోలుకుపోయారు. చిప్పు చిన్నది, అరవదు, దాని గురించి బ్రోచరులో పెద్దక్షరాలూ ఉండవు.

సూత్రం 3. తాళంచెవిని రక్షించుట యజమాని ధర్మము. తదితర నష్టమునకు నిర్మాత బాధ్యుడు గాడు.

వ్యాఖ్య. పై రెండు సూత్రాల్లో యజమాని రాజు, ఏమీ చేయనక్కర్లేదు, జేబులో ఉంటే చాలు. ఈ సూత్రం చిన్నక్షరాల్లో వస్తుంది. రాజు ఇక్కడ కాపలావాడైపోతాడు. చారుదత్తుడి గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. నగలిచ్చినట్టు సాక్షుల్లేరు, ఇవ్వలేదని బుకాయిద్దామని విదూషకుడు సలహా ఇచ్చినా, దాచమన్న సొమ్ముకు పూచీ నాదే అన్నాడు. భార్య ధూత తన రత్నహారం తీసిచ్చింది. నమ్మి ఇచ్చినవాళ్లకు నమ్మించినవాళ్లు బాధ్యులని ఆ పేద ఇంటికి తెలిసింది. కోట్లతో వ్యాపారం చేసే చోట విదూషకుడి మాటే నెగ్గింది.

ఇంకో చిక్కుంది. చారుదత్తుడి గోడకు పూర్ణకుంభం ఆకారంలో సాక్ష్యం మిగిలింది. పెట్టెల దొంగ అద్దం పగలగొట్టడు, తాళం విరవడు, కారు నిలిపిన చోట ఖాళీ నేల తప్ప ఏమీ మిగలదు. అప్పుడు బీమావాళ్లు రెండు తాళంచెవులూ తెచ్చిమ్మంటారు. ఒకటి తక్కువైతే అనుమానం మొదలవుతుంది. రెండూ ఇస్తే, తాళంచెవులు రెండూ మీ దగ్గరే ఉంటే తాళం పగలని కారు ఎలా పోయిందని అడుగుతారు. మాన్యువల్ ఏమో తాళంచెవి లేకుండా తలుపు తెరుచుకోదని శపథం చేసి ఉంది. ఆ శపథమే యజమానికి ఎదురుసాక్ష్యం అవుతుంది. పోగొట్టుకున్నవాడు ముద్దాయి స్థానంలో నిలబడి, తాను దొంగను కానని రుజువు చేసుకోవాలి. మాకు కోపం తెప్పించేది ఇదీ! దొంగతనం జరగడం కాదు, జరగదని ఢంకా బజాయించినవాడికి ఏ పూచీ లేకపోవడం.

పూర్వపక్షం. మోసపు క్లెయిములు ఉంటాయి, బీమావాళ్లు అడక్కపోతే ఎలా? అడగాలి, కాదనం. అజాగ్రత్తకు కూడా శిక్షకో కొలత ఉంటుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. దారి అడగడానికి డ్రైవరు తాళంచెవి లారీకే వదిలి దిగితే లారీ పోయింది. అయినా బీమా మొత్తం ఎగ్గొట్టడానికి వీల్లేదని, 75 శాతం ఇవ్వమని తీర్పు వచ్చింది. తాళంచెవి లారీకే వదిలేసినవాడికి ముప్పావు వంతు దక్కితే, జేబులో పెట్టుకుని జిప్పు వేసుకున్నవాడిని ముందుగా అనుమానించడం ఏ న్యాయం?

ఫలశ్రుతి. ఈ వ్యాఖ్య చదివినవారి కారు పోదని మేం హామీ ఇవ్వం. హామీ ఇచ్చి చిన్నక్షరాల్లో వెనక్కి తీసుకునే విద్య మాకు రాదు. ఇంటికి రాగానే తాళంచెవిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో వేసి, దగ్గరికెళ్తే కారు తెరుచుకోవడం లేదని చూసుకోండి. స్టీరింగుకు ఇనప లాకు బిగించండి, చూడ్డానికి మోటుగా ఉన్నా దానికి రేడియో భాష రాదు. కంపెనీలు చేయాల్సినవి మూడు: కదలకుండా కొంతసేపు పడి ఉంటే నిద్రపోయే తాళంచెవిని, దూరాన్ని నిజంగా కొలిచే పద్ధతిని చవక మోడళ్లకూ ఇవ్వడం, కీలెస్ సదుపాయాన్ని ఆపుకునే వీలు ఇచ్చి, అది ఎలా ఆపాలో మొదటి పేజీలో చెప్పడం, ఆ మొదటి పేజీ తెలుగులో అచ్చువేయడం. ఈ మూడూ చేసేదాకా బ్రోచరులో యాంటీ థెఫ్ట్ అన్న మాట పక్కన ధర ఎంత అక్షరాల్లో వేస్తారో, బాధ్యత మాది కాదన్న ముక్కనూ అంతే అక్షరాల్లో వేయాలి.